ఇల్లు వాకిలి: చారల తీగ పెంపకం, దాని పేరు సంగతి

ఈ శీర్షికలో ఎక్కువగా పెరటి కూరల గురించే వ్రాస్తూ ఉంటాను. కరివేపాకు ఎండిపోతోందనీ, మునగకు గొంగళి పట్టిందనీ మీరు వ్రాసే ఉత్తరాలకే పేజీ సరిపోతుంది. ఈ నెల మాత్రం కూరకూ చారుకూ పనికిరాని మొక్క ఒకటి తీసుకుంటున్నాను. మంత్రాలయం, కోసిగి, ఎమ్మిగనూరు వైపు సంఘకుటుంబాలను దర్శించేటప్పుడు చాలా ఇండ్ల వసారాలలో ఈ మొక్క డబ్బాలలోనో పాత బకెట్లలోనో వేలాడుతూ కనబడుతోంది. కొన్న కొత్తలో వెండి చారలతో ముచ్చటగా ఉంటుంది. ఆరు నెలలు తిరిగేసరికి మొదట్లో ఆకులన్నీ రాలి, ఒట్టి తాళ్లలాంటి కాడలు, వాటి చివర నాలుగు ఆకులు మిగులుతున్నాయి. అది ఒక సమస్య. దాని పేరు పట్టుకుని కొన్ని ఇండ్లలో ఒక భయం కూడా పుట్టింది. అది రెండవ సమస్య, నా దృష్టిలో పెద్దది కూడా అదే. మొదటిది ముందు చూద్దాం.

ఆకు చిన్న వేలు పొడవు ఉంటుంది. పైన ఆకుపచ్చ మీద రెండు వెండి పట్టీలు, తిరగేసి చూస్తే ముదురు ఊదా రంగు. కాడ మీద దగ్గర దగ్గరగా కణుపులు. నర్సరీల వాళ్లు దీనిని ‘వాండరింగ్ జ్యూ’ అని అమ్ముతారు. శాస్త్రజ్ఞుల పేరు ట్రాడెస్కాన్షియా జెబ్రీనా. చారల గుర్రాన్ని బట్టి ఆ ‘జెబ్రీనా’ వచ్చింది. ఇంగ్లీషువాళ్లు దీనినే ‘ఇంచ్ ప్లాంట్’ అని కూడా అంటారు. అంగుళం అంగుళం పాకుతుందని కొందరు, కణుపుకూ కణుపుకూ అంగుళం ఎడం అని కొందరు కారణం చెబుతారు. నేను ఈ వ్యాసంలో చారల తీగ అంటాను.

దీనికి అన్నదమ్ములు చాలామంది ఉన్నారు. నిండా ఊదా రంగులో ఉండి, ఎండలో నిలబడి లేత గులాబీ పూలు పూసేది ‘పర్పుల్ హార్ట్’. బస్టాండుల్లో, ఆసుపత్రుల ముందు గట్ల వెంట నాటేది అదే. చిన్న చిన్న ఆకులతో జుట్టులాగా వేలాడే ‘టర్టిల్ వైన్’ కూడా ఈ కుటుంబమే. పైన పచ్చగా, అడుగున ఊదాగా, కత్తుల్లాంటి ఆకులతో గుంపుగా పెరిగే మొక్క ఒకటి మన ఆలయాల ఆవరణల్లో కనబడుతుంది. ఆకుల మొదట్లో పడవలాంటి దొప్ప, ఆ దొప్పలో తెల్లని పూలు ఉంటాయి. దానికి ‘తొట్టిలో మోషే’ అని ఇంగ్లీషులో పేరు. నిర్గమకాండము రెండవ అధ్యాయములోని జమ్ముపెట్టె తెలిసిన పిల్లలకు ఆ పూవు చూపించి చూడండి, పేరు వాళ్లే చెబుతారు.

ఇంకొక బంధువు మీ చేలలోనే ఉంది. వానాకాలం పత్తిలోనూ వేరుశనగలోనూ నీలి పూలతో పాకే వెన్నదేవి కూర. కలుపు తీసి గట్టు మీద వేస్తే, రెండు చినుకులు పడగానే కణుపు దగ్గర వేరు వేసి మళ్లీ లేస్తుంది. దానితో పోరాడిన అమ్మలకు చారల తీగ స్వభావం నేను చెప్పనక్కరలేదు. చేలో మనలను ఏడిపించే ఆ గుణమే కుండీలో మనకు మేలు చేస్తుంది.

ఈ తీగ పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా అడవులు. చెట్ల నీడలో, తడిగా ఉండే నేల మీద పాకే మొక్క. మన ప్రాంతమో, సాలుకు సుమారు 600 మిల్లీమీటర్ల వానకు ఆశపడే నేల. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, తుంగభద్రలో ఇసుకే కనబడుతుంది. కనుక ఇక్కడ దానికి కావలసినది వెలుతురు ఉన్న నీడ, కాస్త చల్లని తేమ గాలి. ఈ రెండూ అమరితే మిగతాది అదే చూసుకుంటుంది.

తూర్పు వసారా అన్నిటికన్నా మంచిది. ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటల వరకు పడే ఎండ చారలకు రంగు తెస్తుంది. పడమటి గోడకు వేలాడదీస్తే, సాయంత్రం ఎండ పోయాక కూడా గోడ వేడి దానిని ఉడకబెడుతుంది. కడప బండలు పరచిన వాకిట్లో కుండీని నేరుగా బండ మీద పెట్టకండి. మధ్యాహ్నం ఆ బండ మీద మనమే కాలు పెట్టలేము. రెండు ఇటుకలు వేసి వాటి మీద పెట్టండి. రేకుల ఇల్లు అయితే ఇంకొక జాగ్రత్త. అందంగా ఉంటుందని పైన వాసానికి కట్టేస్తారు. రేకు కింద ఒక మూర మేర గాలి పొయ్యి మీది ఆవిరిలాగా ఉంటుంది. తాడు పొడవు చేసి, కుండీని మన తల కన్నా కిందికి దింపండి, తేడా వారంలో తెలుస్తుంది. నీళ్ల తొట్టి దగ్గర, తాగునీటి కడవ దగ్గర ఉంచితే మరీ మంచిది. వడగాలి వీచే రోజులలో పక్కన ఒక తడి గోనెసంచి వేలాడదీస్తే సరిపోతుంది.

అలాగని లోపలి గదిలో, కిటికీకి దూరంగా పెడితే ఇంకొక చిక్కు. వెలుతురు చాలక కాడ సాగిపోతుంది, కణుపుల మధ్య ఎడం పెరుగుతుంది, వెండి పట్టీలు మాసిపోతాయి. మీ తీగలో చారలు పోతున్నాయంటే ఎరువు తక్కువైందని అనుకోకండి, ముందు చోటు మార్చి చూడండి.

మన్ను సంగతి. నల్లరేగడి ఒక్కటే నింపినవారు చాలామంది ఉన్నారు. తడిస్తే బంకలాగా పట్టేస్తుంది, ఎండితే నెర్రెలు విచ్చి వేర్లను తెంపుతుంది. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు గరుకు ఇసుక కలపండి. పచ్చి పేడ వద్దు, వేడి చేస్తుంది. పాత పెయింటు డబ్బా, పగిలిన బిందె, ఏదైనా సరే కాని అడుగున మూడు నాలుగు రంధ్రాలు ఉండాలి. మట్టికుండీ గోడల గుండా నీరు ఇగిరి వేర్లను చల్లగా ఉంచుతుంది, అయితే త్వరగా ఎండుతుంది. ప్లాస్టిక్ డబ్బా నీటిని పట్టి ఉంచుతుంది గాని ఎండ తగిలితే కాగుతుంది. నన్నడిగితే వేసవికి మట్టికుండీయే నయం, రోజూ నీరు పోసే ఓపిక ఉంటే.

నీళ్లు ఎప్పుడు పోయాలి అన్నదానికి క్యాలెండరు అవసరం లేదు. వేలు మొదటి గీత వరకు మన్నులో గుచ్చండి. పొడిగా తగిలితే పోయండి, తడి ఉంటే ఆగండి. వేసవిలో ఇది దాదాపు రోజూ వస్తుంది, వానాకాలం ముసురులో వారానికి ఒకసారి కూడా రాకపోవచ్చు. పోసినప్పుడు అడుగు రంధ్రం నుండి కారేంత పోయాలి. నీళ్లకు కటకటలాడే ఊళ్లలో నీళ్లు ఎక్కువై మొక్క చావడం వింతగా అనిపిస్తుంది గాని, నేను చూసిన చావులలో సగం అవే. ప్రేమతో రెండు పూటలా పోస్తారు, కాడ మొదలు మెత్తబడి నల్లబడుతుంది. 2009 అక్టోబరులో తుంగభద్ర మంత్రాలయం వీధులలోకి వచ్చిన సంగతి మరచిపోలేదు కదా, నీరు తక్కువైనా ఎక్కువైనా కష్టమే.

మన బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. కుండీ అంచున, మన్ను పైన తెల్లని పొర కడుతుంది. ఆకు కొనలు గోధుమ రంగులోకి మారి ఎండుతాయి. ఇది తెగులు కాదు. నెలకొకసారి కుండీని వాకిట్లోకి తెచ్చి, రెండు మూడు చెంబుల నీరు నిదానంగా పోసి ఉప్పును కిందికి కడిగేయండి. వాన నీరు మిద్దె తూము కింద బిందెతో పట్టుకుంటే అంతకన్నా మంచి మందు లేదు. ఇప్పుడు చాలా ఊళ్లలో మినరల్ వాటర్ ప్లాంట్లు వచ్చాయి, కొన్ని ఇండ్లలో మిషన్లూ ఉన్నాయి. ఆ మిషను బయటికి వదిలే నీటిని వృథా ఎందుకని మొక్కలకు పోస్తున్నారు. మంచి నీటి నుండి తీసిన ఉప్పులన్నీ ఆ వదిలిన నీటిలోనే చేరుతాయి. దానితో బండలు కడగండి, కుండీలకు వద్దు. గిన్నెలు తోమిన సబ్బు నీళ్లు కూడా వద్దు. ఆకుల మీద బోరు నీరు చిలకరిస్తే తెల్ల మచ్చలు పడతాయి, చిలకరించేటట్లయితే వాన నీరే.

ఇక మొదట చెప్పిన ‘ఒట్టి తాళ్ల’ సంగతి. ఎంత బాగా చూసినా ఈ తీగ ఏడాది రెండేళ్లకు మొదట్లో బోడి అవుతుంది. అది దాని నైజం. దానికి మందులు కొనవద్దు, కత్తిరించండి. చిగురును గోటితో గిల్లుతూ ఉంటే పక్క కొమ్మలు వచ్చి గుబురు అవుతుంది. బోడి అయిపోయిన తీగను జూన్, జూలై నెలలలో, తొలి వానలు పడి గాలి చల్లబడ్డాక, నాలుగైదు అంగుళాల ముక్కలుగా కోయండి. కింది రెండు ఆకులు తీసివేసి, ఆ కణుపు మన్నులో ఉండేలా గుచ్చండి. ఎనిమిది అంగుళాల కుండీకి ఆరేడు ముక్కలు దగ్గర దగ్గరగా పెట్టాలి. ఒక్క ముక్క పెట్టి కుండీ నిండాలంటే నిండదు. గాజు సీసాలో నీరు పోసి పెట్టినా వారం పది రోజులలో తెల్లని వేర్లు కనబడతాయి. సండే స్కూలు పిల్లల చేత చేయించడానికి ఇంతకన్నా సులువైన పని లేదు, ఎవరి సీసా కూడా ఖాళీ పోదు.

ఎరువు కొంచెమే. వానాకాలంలో నెలకొక గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. ఎక్కువ వేస్తే కాడలు నీరుపట్టి సాగి, రంగు పలచబడుతుంది. వేసవిలో ఆకు అడుగున సన్నని గూడులాగా, ఆకు మీద పసుపు చుక్కలు కనబడితే ఎర్రనల్లి. కణుపు సందులో దూదిలాగా ఉంటే పిండినల్లి. ముందు నీటి ధారతో గట్టిగా కడగండి. తగ్గకపోతే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి సాయంత్రం పూట చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

ఇంట్లో పాకే బిడ్డలు ఉంటే కుండీ ఎత్తులో ఉంచండి. దీని కాడ రసం తగిలితే కొందరికి దురద, మంట వస్తాయి. ‘తొట్టిలో మోషే’ రసం ఇంకా ఎక్కువ మండుతుంది. కుక్కలు దానిమీద పడుకుంటే వాటి పొట్ట కింద ఎర్రగా దద్దురులు వస్తాయి. కత్తిరించాక చేతులు కడుక్కుని గాని కళ్లు తుడుచుకోకండి.

ఇప్పుడు పేరు సంగతి. మాకు దగ్గరి ఊరిలో ఒక సహోదరి బాగా పెరిగిన తన తీగను కుండీతో సహా దిబ్బలో పారవేశారు. ఆమె కుమారుడు ఇంటర్మీడియెట్ మధ్యలో వదిలి బెంగళూరుకు పనికి పోయాడు. ‘వాండరింగ్ జ్యూ’ అంటే దేశదిమ్మరి యూదుడు అని, అటువంటి పేరున్న మొక్క ఇంట్లో వేలాడితే పిల్లలు ఇంటిపట్టున ఉండరని ఎవరో ఆమెకు చెప్పారు. దేశదిమ్మరి అనే మాట ఆదికాండము నాలుగవ అధ్యాయములో కయీను విషయంలో ఉంది గనుక, ఇది బైబిలు శాపమేనని ఆమె నమ్మారు. ‘అయ్యగారూ, నా చేతులతో నేనే నీళ్లు పోసి పెంచినానే’ అని ఆమె ఏడ్చినప్పుడు నాకు మొక్క మీద కాదు, ఆ మాట చెప్పిన వారి మీద కోపం వచ్చింది. తల్లి చేతిలో లేని దానిని తెచ్చి తల్లి నెత్తిన పెట్టారు.

కయీనుకూ ఈ పేరుకూ సంబంధం లేదు. ఈ పేరు వెనుక ఉన్నది వేరొక కథ. సిలువ మోసుకుపోతున్న యేసుప్రభువును ఒక యూదుడు ఎగతాళి చేశాడని, ప్రభువు రెండవ రాకడ వరకు చావు లేకుండా తిరుగుతూ ఉండమని ఆయన వానిని శపించాడని ఆ కథ. నాలుగు సువార్తలలో వెదకండి, ఎక్కడా లేదు. యూరపులో మధ్యయుగాలలో పుట్టింది. ఇంగ్లండులో సెయింట్ ఆల్బన్స్ మఠానికి చెందిన రోజర్ ఆఫ్ వెండోవర్ అనే సన్యాసి తన చరిత్ర గ్రంథంలో 1228వ సంవత్సరం కింద దీనిని వ్రాశాడు. ఆర్మేనియా నుండి వచ్చిన ఒక బిషప్పు చెప్పినట్లుగా వ్రాశాడు. ఆ కథలో వాడు పిలాతు ఇంటి ద్వారపాలకుడు. తరువాత 1602లో జర్మన్ భాషలో ఒక చిన్న పుస్తకం అచ్చయింది. అందులో వాడు యెరూషలేములో చెప్పులు కుట్టే యూదుడయ్యాడు, పేరు అహష్వేరు. ఎస్తేరు గ్రంథం చదివినవారికి నవ్వు రావాలి. అహష్వేరోషు పారసీక రాజు, యూదుడే కాదు. కథ అల్లినవాడికి బైబిలు ఎంత తెలుసో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కథ అంతటితో ఆగి ఉంటే నవ్వి ఊరుకొనవచ్చును. యూదులను ఊరూరా తరిమినవారికి అది సాకుగా ఉపయోగపడింది, వాళ్లు శపించబడినవారు గనుక నిలువనీడ ఉండకూడదని. 1937లో నాజీలు మ్యూనిక్ నగరంలో ఇదే పేరుతో, ‘నిత్య యూదుడు’ అని, ద్వేషం నింపే ప్రదర్శన పెట్టారు. 1940లో అదే పేరుతో సినిమా తీశారు. ఆ తరువాతి సంవత్సరాలలో సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఇప్పుడు చాలామంది తోటమాలులు, దుకాణదారులు ఆ పాత పేరు వాడటం మానేశారు. మనం మానడానికి ఇంకా ఎక్కువ కారణం ఉంది. యేసుప్రభువు, మరియ, పౌలు, అందరూ యూదులే. అంత దూరం ఎందుకు, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో యూదు ఆచారాలు పాటించే తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాళ్ల ఇంటికి వెళ్లి ఈ మొక్క పేరు అలా పలకగలమా?

ట్రాడెస్కాన్షియా అనే పేరుకైతే మంచి చరిత్రే ఉంది. ఇంగ్లండు రాజు మొదటి చార్లెసు వద్ద తోటపని చేసిన తండ్రీకొడుకులు, ఇద్దరి పేరూ జాన్ ట్రాడెస్కాంటే. దేశదేశాల మొక్కలు తెచ్చి పెంచారు. లిన్నేయస్ 1753లో వాళ్ల పేరునే ఈ మొక్కల జాతికి స్థిరపరచాడు. లండనులో లాంబెత్ వద్ద సెయింట్ మేరీ ఆలయ ఆవరణలో ఇద్దరూ సమాధి చేయబడ్డారు. ఆరాధన ఆగిపోయి కూల్చివేతకు సిద్ధమైన ఆ ఆలయాన్ని, ఆ సమాధి కారణంగానే, 1977లో తోటల మ్యూజియముగా మార్చి నిలబెట్టుకున్నారు.

ఇక మన పిల్లలు ఎందుకు వెళ్లిపోతున్నారన్న ప్రశ్నకు జవాబు కుండీలో వెదకనక్కరలేదు. మంత్రాలయం, కోసిగి, పెద్దకడబూరు వైపు ‘సుగ్గికి పోవడం’ ఎవరికి తెలియదు? వాన తప్పితే చేనులో పని ఉండదు, గుంటూరు మిరప కోతలకో, తెలంగాణ పత్తికో, బెంగళూరు కట్టడాలకో పోతారు. తుంగభద్ర పక్కనే పారుతున్నా గట్టు మీది చేనుకు నీరు ఎక్కదు. చారల తీగ ఈ దేశానికి రాకముందు కూడా మన తాతలు వలస పోయారు. ఆ సహోదరికి ఇదే చెప్పాను. కుమారునికి ఉత్తరమో ఫోనో చేసి, పరీక్ష ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడో కనుక్కోమన్నాను. ఆమె పారవేసిన తీగ, జూలై వానకు దిబ్బ మీదనే వేరు వేసి నిలబడింది. అందులో నాలుగు కాడలు కోసుకుని తిరిగి తెచ్చుకున్నారు.

సుగ్గికి వెళ్లే కుటుంబాల కోసం ఒక మాట. క్రిస్మస్ కాగానే తాళం వేసి ఉగాదికి తిరిగి వచ్చే ఇంటిలో కుండీ బతకదు, పైన బట్ట కప్పినా, కింద నీళ్ల పళ్లెం పెట్టినా మూడు నెలలు రాదు. వెళ్లే ముందు కొనలు కత్తిరించి పొరుగు వారికో, ఆలయం దగ్గర ఉండే వారికో ఇవ్వండి. వెంట తీసుకుపోవాలంటే నాలుగు కాడలను తడి గుడ్డలో చుట్టి, దానిపైన ప్లాస్టిక్ కవరు వదులుగా కట్టండి, బస్సులో రెండు రోజులైనా వాడదు. మంత్రాలయం రోడ్డు స్టేషనులో రైలెక్కేవారు కిటికీ ఎండ తగలకుండా సీటు కింద పెట్టుకోండి. మిరప చేల దగ్గర వేసుకునే గుడిసె ముందు ఒక డబ్బాలో గుచ్చితే అక్కడా బతుకుతుంది. కాని మందు కొట్టిన డబ్బా మాత్రం వాడకండి, ఎంత కడిగినా సరే. ఉగాదికి వచ్చాక నాటడానికి తొందరపడవద్దు. అప్పటికి ఎండలు ముదిరి ఉంటాయి. పొరుగింటి తీగను పొరుగింట్లోనే ఉంచి, తొలి వాన పడ్డాక నాలుగు కాడలు అడిగి తెచ్చుకోండి.